పక్క లైటుకు అడ్డం పెట్టిన కాగితం

మా క్లినిక్‌లో ఫొటోలు తీసే గది ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. కిటికీ లేదు. గోడలకు బూడిదరంగు. నేల మీద రెండు పాదాల ఆకారంలో పసుపు టేపు అతికించి ఉంటుంది, గోడ మీద మూడు నల్లచుక్కలు ఉంటాయి. వచ్చినావిడ ఆ పాదాల మీద నిలబడి ముందు నడిమి చుక్కను, తర్వాత ఎడమ చుక్కను, ఆ తర్వాత కుడి చుక్కను చూడాలి. మొహాన పౌడరు ఉండకూడదు. జుట్టు నల్ల బ్యాండుతో వెనక్కి కట్టెయ్యాలి. నవ్వకూడదు. ఈ చివరి మాట చెప్పడానికి నాకు మొదట్లో నోరొచ్చేది కాదు. ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపి, మనుషుల్ని నవ్వమని బతిమాలినవాణ్ణి.

గదిలో రెండు లైట్లు. ఎదుటి లైటు మనిషిని చూపిస్తుంది, పక్క లైటు చర్మాన్ని చూపిస్తుంది. పొద్దు వాలినప్పుడు రోడ్డు మీది చిన్న గులకరాయికి కూడా నీడ పడుతుందే, అలా చెంప మీది ప్రతి గీతకూ గుంటకూ బొడిపెకూ దాని నీడ దానికి వస్తుంది. నన్ను పనిలో పెట్టుకున్న రోజు డాక్టరమ్మ చెప్పింది ఒకే మాట.

"లైట్లు మాత్రం ముట్టుకోకండి. ఇవాళ ఎలా ఉన్నాయో ఆరు నెలల తర్వాతా అలాగే ఉండాలి. లేకపోతే మార్పు మందు వల్ల వచ్చిందో, లైటు వల్ల వచ్చిందో నాకు తెలీదు."

ఫిజిక్స్‌లో డిగ్రీ చేసినవాణ్ణి, ఈ మాట రెండోసారి చెప్పక్కర్లేదమ్మా అన్నాను. ఆవిడ రెండోసారి చెప్పలేదు. నేనే నిలబెట్టుకోలేదు.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నలభై ఐదు, యాభై ఐదు మధ్య ఆడవాళ్ళు. నెలసరి తప్పుతూ వస్తూ ఉన్నవాళ్ళు, పూర్తిగా ఆగిపోయినవాళ్ళు. ఆ వయసులో ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గితే చర్మం అడుగున దన్ను తగ్గిపోతుందట. రెండు మూడేళ్ళలోనే మొహం జారినట్టవుతుంది. దానికి డాక్టరమ్మ ఒక సూదిమందు ఇస్తుంది. ఆరేసి వారాల ఎడంతో మూడు విడతలు. సూది వెయ్యబోయే ముందు ప్రతి ఒక్కరికీ ఆవిడ ఒకేలా చెప్పడం నేను చాలాసార్లు విన్నాను.

"ఇది ముడతల్లో పోసి నింపేది కాదండీ. లోపల పడుకున్న పనివాళ్ళని లేపే మందు. మీ చర్మాన్ని మీ ఒళ్ళే మళ్ళీ అల్లుకోవాలి. ఎంత అల్లుకుంటుందో నేను మాటివ్వలేను."

మొదటిసారి నేను కాగితం పెట్టింది ఒక టైలరమ్మ కోసం. రెండో విడతకు వచ్చింది. ఫొటో తీశాక నా భుజం మీంచి స్క్రీన్ మీదికి తొంగిచూసి, "ఇది నేనా?" అంది. నల్ల బ్యాండు తీసి చేతిలో పిండుతూ ఏడ్చింది, చప్పుడు రాకుండా. బయట నలుగురు కూర్చుని ఉన్నారు మరి.

"లైటు సరిగ్గా పడలేదమ్మా. ఇంకోటి తీద్దాం" అన్నాను.

సొరుగులో పాత స్టూడియో నుంచి తెచ్చుకున్న బటర్ పేపరు ఒకటి ఉంది. పెళ్ళికూతురి తల్లిని కూర్చోబెట్టినప్పుడల్లా లైటు ముందు అలాంటి కాగితం కట్టేవాణ్ణి, వెలుతురు మెత్తబడి గీతలు కనపడవు. పాపం, ఆవిడ అంతకుముందు నెలరోజులూ సరిగ్గా నిద్రపోయి ఉండదు. కెమెరాకి ఆ సంగతి తెలియనక్కర్లేదు. ఆ కాగితాన్నే పక్క లైటుకు రెండు క్లిప్పులతో తగిలించి మళ్ళీ తీశాను. టైలరమ్మ చూసి ముక్కు తుడుచుకుంది. "నయమే, కాస్త తేరుకున్నట్టుంది" అని చిన్నగా నవ్వి వెళ్ళింది. మొదటి ఫొటో చెరిపేశాను.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ నాలో నేనే మురిసిపోయాను. ఇవాళ తలుచుకుంటే ఆ మురిపెమే ఎక్కువ సిగ్గుగా ఉంది.

తర్వాత అది అలవాటైంది. మొదటిసారి వచ్చినవాళ్ళకి కాగితం ఉండదు. ఎలాగూ బాగాలేమనుకునే వస్తారు, ఫొటో కూడా అదే చెప్తుంది. మళ్ళీ వచ్చేవాళ్ళు ఆశతో వస్తారు. ఆ ఆశ మీద పక్క లైటు వెయ్యడానికి నాకు మనసొప్పేది కాదు. డాక్టరమ్మ సోమ, మంగళవారాలు ఊరికి ఆ చివరున్న ఇంకో క్లినిక్‌లో ఉంటుంది. ఆ రెండు రోజులూ తీసిన ఫొటోలు అక్కడి స్క్రీన్ మీదే చూసి, తర్వాతి విడత వెయ్యాలో వద్దో రాసి పంపుతుంది. ఏడాదిన్నర గడిచింది. ముందూ తర్వాతా ఫొటోలు కొన్ని, కళ్ళ మీద నల్లపట్టీ వేసి, ఆయా మనుషుల్ని అడిగి వరండా గోడకు తగిలించారు. "అంకుల్ చెయ్యి పడితే మొహం వెలిగిపోతుంది" అని రిసెప్షన్‌లో అమ్మాయి అనేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను అదీ చెయ్యలేదు. నిజంగానే నా చెయ్యి మంచిదనుకున్నాను.

నా భార్యకు ఒక్కతే చెల్లెలు. వాళ్ళింట్లో ఆమెకు పెట్టిన ముద్దుపేరు వాగుడుకాయ. పెద్దయ్యాక వినపడని పిల్లల స్కూల్లో సైగల టీచరైంది. వాగుడంతా చేతుల్లోకి దిగింది, నోట్లో మిగిలింది మిగిలింది. "దేవుడు దానికి రెండు చేతులే ఇచ్చాడు కాబట్టి సరిపోయింది" అనేది మా ఆవిడ. అక్క పోయి నాలుగేళ్ళయినా ఈ పిల్ల వారానికోసారి ఫోన్ చెయ్యడం మానలేదు. పిల్ల అంటున్నాను గానీ యాభై ఒకటి.

"బావా, మీ క్లినిక్‌లో మరదళ్ళకి ప్రత్యేకంగా ఏమన్నా ఉందా?" అంది ఒకరోజు.

"ఏం కావాలేంటి?"

"కొత్త మొహం."

"పాతదానికేమొచ్చింది?"

"పాతబడింది."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"సైగల్లో చేతులు సగమే బావా. మిగతా సగం మొహమే. కనుబొమ్మ లేపితే ప్రశ్న, మూతి బిగిస్తే కోపం. ఏడాదిగా నోటి కొసలు రెండూ కిందికి జారాయి, బుగ్గలు లోపలికి పోయాయి. నేను మామూలుగా పుస్తకాలు తియ్యండి అంటాను, పిల్లలు బిక్కచచ్చిపోతారు. మొన్న ఏడేళ్ళ పిల్ల వచ్చి, మేమేం తప్పు చేశాం టీచర్ అని అడిగింది."

"మరి మీ ఆయనేమంటాడు?"

"ఆయన మీద నేనెప్పుడూ కోపంగానే ఉంటాగా, తేడా తెలీలేదట."

అలా వచ్చింది. పసుపు పాదాల మీద నిలబడి మొదటి చుక్కకేసి చూసింది.

"నవ్వకూడదు" అన్నాను.

"నవ్వట్లేదు బావా. ఇదే నా మామూలు మొహం. చెప్పు, కోపంగా లేదూ?"

"ఏం లేదు. బానే ఉన్నావు."

"అక్క అనేది. మీ బావ మంచోడేగానీ, ఆ మంచితనం కళ్ళు మూసుకునే మంచితనమే అని."

అన్నాక, అనకుండా ఉండాల్సిందనుకుందేమో, నాలుక కరుచుకుంది. నాకు తెలుసు, మా ఆవిడ ఆ మాట ఎందుకనేదో. నలభై ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నం స్టూడియోలో, ఫ్యాను కింద కూర్చునే, మెడంతా చెమటతో తడిసిపోయి, "నాకేదో అవుతోంది, నా మొహం చూడు, నాది కాదు" అంది. నేను నెగెటివ్‌లు సర్దుకుంటూ, "నీకేం, బంగారంలా ఉన్నావు" అన్నాను. తలెత్తి చూడలేదు. అది ప్రేమే. ఇప్పుడూ ప్రేమే అనుకుంటాను. చూడలేదన్నదీ నిజమే.

డాక్టరమ్మ మా మరదలికి కూడా అందరికీ చెప్పినట్టే చెప్పింది, ఇంకో మాట కలిపి. "కొద్దిమందికి మందు లోపల ఒకచోట పేరుకుని చిన్న గడ్డలు కడతాయి. త్వరగా కనిపెడితే కరిగించొచ్చు. కనిపెట్టకుండా దానిమీదే ఇంకో విడత పడితే మొండికేస్తాయి. బుగ్గ కదిలినప్పుడల్లా పైకి తెలుస్తాయి. మీకు మొహమే పని కాబట్టి, ముందే చెప్తున్నాను."

సూది పడ్డాక ఐదు రోజులు, రోజుకి ఐదుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు బుగ్గలు రుద్దుకోవాలని సిస్టర్ చెప్పింది. సిస్టర్ అంటే మా క్లినిక్‌లో నర్సు. పాతికేళ్ళ సర్వీసు, ఆవిడ మాటకు డాక్టరమ్మ కూడా ఎదురు చెప్పదు.

"ఐదైదులు పాతిక, ఇంకో ఐదు... పెళ్ళాన్ని కూడా మా ఆయన ఇంతసేపు బుజ్జగించలేదు" అంది మరదలు.

"మీ ఆయన సంగతి కాదమ్మా, రుద్దుతారా లేదా?" అంది సిస్టర్, నవ్వకుండా.

"రుద్దుతాను తల్లీ, రుద్దుతాను."

ఆరు వారాల తర్వాత ఫొటోలు, రెండో విడత. ఇంకో ఆరు వారాల తర్వాత ఒక సోమవారం మళ్ళీ ఫొటోలు. పక్క లైటు ముందు అప్పటికే కాగితం ఉంది. ముందు వచ్చినావిడ కోసం పెట్టాను, తియ్యడం మర్చిపోయాను అంటే అది సగం నిజం. మిగతా సగం, మరదలు కదా అని కావాలనే ఉంచాను. అక్క లేని పిల్ల, ఎంతో ఆశగా వచ్చింది, స్క్రీన్ మీద తనని చూసుకుని ఒక్కసారైనా సంతోషపడనీ అనుకున్నాను. పడింది కూడా. "అబ్బో! బావా, బుగ్గ చూడు, నున్నగా బన్నులా లేదూ!" అంది. పోతూ పోతూ సిస్టర్‌తో, కుడి బుగ్గలో వేలికేదో తగులుతోందని చెప్పింది. సిస్టర్ ఆ మాట రాసుకుంది. సాయంత్రం డాక్టరమ్మ అక్కడి నుంచే ఫొటోలు చూసి, ఏమీ లేదు, గురువారం మూడో విడత వెయ్యొచ్చు అని రాసింది.

బుధవారం స్కూలుకి సెలవు. భోజనానికి రమ్మంది, వంటింటి కిటికీకి కర్టెన్ కడ్డీ ఊడిపోయింది, అదీ బిగించి పెట్టమంది. తిన్నాక స్టూలెక్కి కడ్డీ బిగిస్తున్నాను. కర్టెన్ లేని కిటికీలోంచి మూడు నాలుగు గంటలప్పటి ఎండ అడ్డంగా లోపలికి వస్తోంది. ఆమె సింకు దగ్గర గిన్నెలు తోముతూ, స్కూల్లో కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్‌ని అనుకరిస్తోంది. తల ఇటు తిప్పింది.

కుడి బుగ్గ మీద మూడు నీడలు. పెసరగింజంత ఒకటి, దాని పక్కన ఇంకోటి, కిందగా మూడోది. నవ్వినప్పుడు మూడూ కలిసి కదిలాయి.

స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారి సింకులో పడింది.

"బావా! నా గిన్నె!"

"నీ కుడి బుగ్గలో..." అన్నాను.

"అదా? నాకూ తగుల్తోంది, బఠాణీ గింజలాగ. సోమవారం చెప్పాను. డాక్టరమ్మ ఫొటో చూసి ఏం లేదందిగా. నా వేలికన్నా నీ కెమెరాకే కళ్ళెక్కువ కదా" అని స్క్రూడ్రైవర్ కడిగి అందించింది.

దిగి నిలబడ్డాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను. "కడ్డీ గట్టిగానే ఉంది" అన్నాను. చెప్పులేసుకుని వచ్చేశాను.

దారి పొడుగునా ఉపాయం వెతుక్కున్నాను. కర్ర విరక్కుండా పాము చావాలి. సూది ఆగాలి, నా సంగతి బయటపడకూడదు. పొద్దున్నే ఫోన్ చేసి, "పక్క లైటు బల్బు మార్చారు. సూదికి ముందు ఇంకోసారి ఫొటో తీద్దాం, అరగంట ముందు రా" అన్నాను. "నీ ఇష్టం బావా, ఇంకో ఫొటో అంటే నాకేం చేదా" అంది. క్లినిక్‌కి పోయి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, సొరుగు అడుక్కి తోసేశాను.

తీశాను. మూడు గడ్డలూ స్పష్టంగా పడ్డాయి. ఫొటో డాక్టరమ్మ స్క్రీన్‌కి పంపి, నేనూ ఆ గదిలోకి వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను, పనేమీ లేకపోయినా.

డాక్టరమ్మ మాట్లాడుతున్నదల్లా ఆగిపోయింది. సోమవారం ఫొటో, ఇవాళ్టి ఫొటో పక్కపక్కన పెట్టింది. లేచి వచ్చి వేళ్ళతో కుడి బుగ్గ తడిమింది. బొటనవేలు నోటి లోపల, చూపుడువేలు బయట పెట్టి పట్టుకుని చూసింది.

"మూడున్నాయి. సోమవారం లేనివి మూడ్రోజుల్లో ఇంత ఎలా అయ్యాయి? మీరు రుద్దారు కదా?"

మరదలు నాకేసి చూసి, తల దించుకుంది.

"రుద్దానమ్మా. అంటే... రెండో విడతప్పుడు స్కూల్లో తనిఖీకి వచ్చారు. రెండు రోజులు కుదర్లేదు. అడిగితే ఐదు రోజులూ రుద్దానని అబద్ధం చెప్పాను."

"నేను చెప్తూనే ఉన్నాను!" అంది సిస్టర్. "చెప్పినప్పుడు నవ్వులాటగా ఉంటుంది. ఇప్పుడు చూడండి! మందు డాక్టర్ ఇస్తుంది, మిగతాది మీరు చెయ్యాలి కదమ్మా. చదువు చెప్పేవాళ్ళు, మీకే చెప్పాలంటే ఎలా? మీ పిల్లలు హోంవర్క్ ఎగ్గొడితే ఊరుకుంటారా?"

"తప్పే సిస్టర్."

"తప్పు సరే, మొహం ఎవరిది?"

"నాదే. నా చేతులారా చేసుకున్నాను."

ఎప్పుడూ ఒక మాటకు నాలుగు అప్పజెప్పే మనిషి, పాఠం రాని పిల్లలా నిలబడి అవునంటోంది. నేను అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. గడ్డలు కనిపించాయి, సూది ఆగింది, తప్పు మాత్రం తిన్నగా పోయి ఆమె నెత్తిన కూర్చుంది. నేను ఇంకాసేపు నోరు మూసుకుంటే అక్కడే స్థిరపడిపోతుంది కూడా. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ కాసేపూ నేను నోరు మూసుకునే ఉన్నాను. సిస్టర్ ఇంకో రెండు మాటలనేదాకా.

"అవి సోమవారం కూడా ఉన్నాయి" అన్నాను.

డాక్టరమ్మ స్క్రీన్ వైపు చూసింది. "ఫొటోలో లేవే?"

"కనపడకుండా చేసింది నేనే. పక్క లైటుకు కాగితం అడ్డం పెట్టాను. మళ్ళీ వచ్చినవాళ్ళకి అలాగే తీస్తున్నాను. బాధపడతారని."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. డాక్టరమ్మ అడిగింది ఒకటే.

"ఎంతమందికి?"

తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా నా కళ్ళముందున్నది ఒక్క మరదలే. టైలరమ్మ, బస్సు డ్రైవరమ్మ, బ్యాంకులో పనిచేసే అక్కచెల్లెళ్ళిద్దరు, గొంతు తగ్గించి మాట్లాడే లాయరమ్మ, ఎవ్వరూ గుర్తురాలేదు.

"లెక్కపెట్టలేదమ్మా" అన్నాను.

"లెక్కపెట్టండి." ఆవిడ కుర్చీలో కూర్చుంది. చేతులు చూసుకుంది. "నాకూ బుద్ధి ఉండాలి. ఈవిడ తగుల్తోందని చెప్పింది. చెయ్యి పెట్టి చూడకుండా బొమ్మ చూసి రాసిచ్చాను."

మరదలు నాకేసే చూస్తోంది. చేతులు రెండూ సైగ చెయ్యబోతున్నట్టు పైకి లేచి, సగంలో ఆగి, ఒళ్ళోకి దిగిపోయాయి.

"సిస్టర్ నన్ను తిడుతుంటే ఇక్కడే ఉన్నావుగా" అంది. "ఎంతసేపు విన్నావు బావా?"

ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

"వేలికి తగుల్తోందని నేను చెప్పాను. తర్వాత నా వేలే అబద్ధమనుకున్నాను, నీ ఫొటో చూసి." సంచీ భుజానికి తగిలించుకుంది. "డాక్టరమ్మా, నా వైద్యం సంగతి నాకు ఫోన్ చేసి చెప్పండి. ఆయనతో చెప్పించకండి."

ఆ రోజు సాయంత్రం ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. చదివి నాకే తిరిగి ఇచ్చింది.

"మీరు మానేస్తే మీకు సులువు, నాకూ సులువు. వాళ్ళందరికీ ఫోన్ ఎవరు చేస్తారు? నేను చేస్తే క్లినిక్ చెప్పినట్టుంటుంది. చేసిన మనిషి చెప్పాలి."

వరండా గోడ మీది ఫొటోలు ఆవిడే దింపింది. మేకులు మిగిలాయి.

ఇరవై ముగ్గురు. మూడు రోజులు, మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా, ఫొటో గదిలో స్టూలు మీద కూర్చుని చేశాను. చెప్పాల్సింది ముందే రాసుకున్నాను. ఒక్కరి దగ్గరా రాసుకున్నట్టు చెప్పలేకపోయాను. లాయరమ్మ అంతా విని, "ఇది రాతపూర్వకంగా పంపండి" అంది. పంపాను. బస్సు డ్రైవరమ్మ అరిచింది. "ఆ ఫొటో మా అక్కకి చూపించానయ్యా! అది కూడా వేయించుకుంటానని సెలవు పెట్టుకుని కూర్చుంది! ఇప్పుడు దానికేం చెప్పను?" నా గురించి చెప్పమన్నాను. "నీ గురించి చెప్పడానికి నా నోరే పాడవుతుంది" అని పెట్టేసింది. బ్యాంకు అక్కచెల్లెళ్ళలో పెద్దామె నెమ్మదిగా ఎప్పుడు రావాలో అడిగి రాసుకుంది. ఆ శాంతం తట్టుకోవడం కష్టమైంది.

టైలరమ్మకు ఫోన్ చేసింది ఆఖరున. మొదటి తప్పు చేసింది ఆవిడ దగ్గరే కదా, వెనక్కి నెడుతూ వచ్చాను.

"ఓ, కాగితమా?" అంది, కుట్టుమిషన్ ఆపి. "తెలుసు బాబూ."

"తెలుసా?"

"మా ఇంట్లో అద్దం లేదనుకున్నారా? మీ ఫొటోలో ఉన్నంత నున్నగా నేనెప్పుడున్నాను? ఏదో ముసలాయన నేను ఏడ్చానని పాపం తంటాలు పడుతున్నాడు, అంటే నొచ్చుకుంటాడని ఊరుకున్నాను. అయినా మందు పనిచేసింది లెండి, కొంచెం. దవడ కింద బాగానే ఉంది. అది నిజంగానే ఉందో లేదో చూపించుకుందామంటే మీ ఫొటోలో ఎక్కడ చూసినా ఒకటే నునుపు!"

ఆవిడ నవ్వుతోంది. ఆవిడ దగ్గర నేను దాచింది గీతలనే కాదు, నిజంగా వచ్చిన కాస్త మేలునూ దాచాను. పైగా ఆవిడే నన్ను నొప్పించకుండా ఏడాదిన్నర కాచుకొచ్చింది.

అందరూ రాలేదు. పద్దెనిమిది మంది వచ్చారు. కాగితం లేకుండా తీశాను, ఈసారి డాక్టరమ్మ ఒక్కొక్కరి బుగ్గా చేత్తో తడిమి చూసింది. ఇద్దరికి గడ్డలు కనిపించాయి, చిన్నవి. మిగతావాళ్ళకు ఏమీ లేవు. ఆ సంగతి డాక్టరమ్మ చెప్తే నాకు కొంచెం ఊపిరాడింది. ఆడినందుకు మళ్ళీ సిగ్గేసింది, ఆ ఇద్దరూ అప్పటికింకా లోపలే కూర్చున్నారు.

మరదలి వైద్యం రెండు వారాలకోసారి. గడ్డలోకి ఉప్పునీళ్ళలాంటి మందు ఎక్కించి, వేళ్ళతో నలిపి, విడగొడుతున్నారు. నొప్పిగానే ఉంటుందట. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె ఫొటోలు సిస్టర్ తీసింది. నేను వరండా చివర ఫైళ్ళ బీరువా దగ్గర నిలబడ్డాను. రెండోసారీ అంతే. వారానికోసారి వచ్చే ఫోన్ రావడం లేదు. నేను చేస్తే తోడల్లుడు ఎత్తి, "స్నానానికెళ్ళింది" అంటున్నాడు. పాపం, ఆయనకు రోజుకు నాలుగు స్నానాలు కల్పించాల్సి వస్తోంది.

మూడోసారి, అంటే మొన్న గురువారం, సిస్టర్ కెమెరా తీసుకోబోతుంటే ఆమె ఆపింది.

"ఆయన్నే తియ్యమనండి."

సిస్టర్ నాకేసి చూసింది. "ఎందుకమ్మా, నేను తీస్తాగా?"

"మీరు వద్దు సిస్టర్. మీకు ధైర్యం ఎక్కువ. ఆయనకిప్పుడు భయముంది. భయమున్నవాడు సరిగ్గా తీస్తాడు."

లోపలికి వెళ్ళాను. ఆమె పాదాల మీద నిలబడి ఉంది. నేను చెప్పకుండానే జుట్టు కట్టుకుని, నడిమి చుక్క చూస్తోంది. ఎడమ చుక్క, కుడి చుక్క. పక్క లైటు ఆమె కుడి బుగ్గ మీద తిన్నగా పడుతోంది. నోటి కొసలు మొదటి రోజు ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉన్నాయి. ఎడమ బుగ్గ కొంచెం నిండింది. కంటి కింద కొత్తగా అలసట ఉంది, అది మందుదీ కాదు, వయసుదీ కాదు.

"ఎన్నున్నాయి?" అంది, చుక్క మీంచి చూపు తిప్పకుండా.

"డాక్టరమ్మ చూస్తుంది..."

"మిమ్మల్ని అడుగుతున్నాను."

ముప్పై ఏళ్ళుగా నన్ను మీరు అనలేదు. కెమెరా పక్కన పెట్టి దగ్గరికి వెళ్ళి, వంగి చూశాను. ఎవరి మొహాన్నైనా అంతసేపు చూసి నాకు ఎన్నాళ్ళయిందో. మా ఆవిడ మొహాన్ని అలా చూసిన రోజు ఒకటైనా ఉందా అని వెతుక్కున్నాను, దొరకలేదు.

"రెండు" అన్నాను. "పెద్దది పోయింది. మధ్యది సగమైంది. కిందది ఇంకా ఉంది, దవడ ఎముక మీద, చిన్నది. పోయినసారి సిస్టర్ తీసిన ఫొటోల్లో అది పడలేదు."

"పోయినసారి ఒకటే మిగిలిందన్నారు డాక్టరమ్మ."

"రెండున్నాయి."

ఆమె చెయ్యి పైకి లేచింది. చూపుడువేలు దవడ వెంట మెల్లగా జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగింది. ఒత్తి చూసుకుంది.

"ఆఁ" అంది. "ఉంది."

బ్యాండు తీసి నా చేతికిచ్చి, ఆ వేలు అక్కడి నుంచి తియ్యకుండా అలాగే పట్టుకుని, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది, చోటు పోతే మళ్ళీ వెతుక్కోవాలన్నట్టు. నేను లైట్లు ముట్టుకోలేదు. వరండాలో ఇంకో ఆవిడ లేచి నిలబడి ఉంది, రమ్మన్నాను.